సీపీయూకు కట్టిన నిమ్మకాయ

పంజాగుట్టలోని మా ఆఫీసు సర్వర్ మీద దసరా పూజకు పెట్టిన నిమ్మకాయ కుళ్లి కారుతున్నది. ఆ వాసనకు లేచి దాని దగ్గరికి పోయిన.

చిన్నప్పుడు అమీర్‌పేటలో అమ్మ బట్టలు కుట్టేది. ఇంట్లో ఒక్కటే ప్లగ్గు. నేను కంప్యూటర్‌ల ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పెట్టుకొని పాత వీడియో గేములు ఆడేటోణ్ణి. గేమ్ సేవ్ అవుతుండంగనే అమ్మ కంప్యూటర్ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె పెట్టేది. సేవ్ ఫైల్ ఖరాబయ్యి ఆట మళ్లా మొదటికొచ్చేది.

"ఎవరిదో దిష్టి తగిలింది బిడ్డా," అని అమ్మ సీపీయూకు నిమ్మకాయ కట్టింది. ప్లగ్గు సంగతి ఇద్దరికీ తట్టలే. బూజు పట్టి పురుగులు ముసిరినా దాన్ని తియ్యనియ్యలే నేను. ముక్కు మూసుకొని ఆడిన.

ఇప్పుడు కాగితంతో పట్టుకొని చెత్తబుట్టల పడేసిన.

"గా నిమ్మకాయ తీసేసినవేందన్నా, సర్వర్ ఆగిపోతే?" అన్నడు పక్క సీటు ఇంజనీరు. ఒక చేతిల కరెంటు చాయ్ కెటిల్ పట్టుకొని, ఇంకో చేత్తో సర్వర్ ప్లగ్గు పీకబోతుండు.