క్రేన్ మీద ఆయాసం

వరాహనరసింహం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో క్రేన్ నడుపుతాడు. ఉబ్బసం సంగతి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని ఇంట్లో తెలుసు, షాపులో తెలియదు. తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి క్రేన్ మీంచి దించేస్తారని భయం. అందుకే రైల్వే ఆసుపత్రికి పోకుండా సుభాష్‌పల్లిలో ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నాడు. ఆయన రెండు ఇన్‌హేలర్ పంపులు రాశాడు. ఒకటి రోజూ పీల్చాలి. నీలంది ఆయాసం వచ్చినప్పుడే.

రోజువారీ పంపుతో వెంటనే తేడా ఏమీ తెలియలేదు. నీలందైతే కాసేపటికే ఛాతీ విచ్చుకునేది.

"లివర్ లాగితే హుక్కు లేవాల. లేకపోతే అదేటి మిషను?" అని మొదటిది మానేశాడు.

"నీకన్నీ క్రేన్లే! రేపు నాకూ లివరెడతావు" అంది భార్య రాజరాజేశ్వరి.

ఇలాంటివాళ్లను నోరెత్తని కష్టజీవులని మెచ్చుకుంటాం. అది ఓర్పు కాదు, వట్టి భయం. షాపులో ఆయాసం బయటపడకూడదన్న ఆ భయంతోనే నీలం పంపు వాడకం పెరిగింది. వేళ్లు వణికేవి, గుండె దడదడలాడేది.

ఒక చలికాలపు ఉదయం రైలు చక్రాల జత హుక్కుకు గాల్లో వేలాడుతుండగా ఆయాసం ముంచుకొచ్చింది. పంపు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఛాతీ విచ్చుకోలేదు. చెయ్యి మాత్రం లివర్ మీద నిలవనంతగా వణికింది.

"బావా, దించవేటి? అక్క టీ ఇవ్వకుండా తోలీసినాదా?" వరస కలిపి పిలిచే తోటి పనివాడు మోహనకృష్ణ కింద నుంచి అరిచాడు. పక్కవాళ్లు నవ్వారు. అందరూ బరువుకు దగ్గరగానే ఉన్నారు.

తప్పుకోమని అరవడానికి ఊపిరి లేదు. లివర్ వదిలేసి సైరన్ బటన్ మీద అరచెయ్యి ఆనించాడు. నవ్వులు ఆగాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు. లివర్ వదిలేయడంతో బ్రేకు పడి బరువు ఉన్నచోటే ఆగింది. మోహనకృష్ణ నిచ్చెన ఎక్కి వచ్చేసరికి వరాహనరసింహం పెదవులు నల్లబడుతున్నాయి.

రైల్వే ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, మందు ఆవిరిగా పట్టించారు. మాట పెగిలి మాస్కు తీశాక డాక్టర్ మీనాకుమారి అడిగింది: "ఈ పంపు ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

"ఇయ్యాలేనండి."

"అబద్ధం మేడమ్" అంది కబురందుకుని వచ్చిన రాజరాజేశ్వరి. "రోజూ లాగుతున్నాడు. అన్‌ఫిట్టయితే రాసీండి. నాకు మనిషుండాల."



"నీలం పంపు ఊపిరి గొట్టాల్ని కాసేపు తెరుస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది మీరు మానేసిన పంపే. నీలంది మాటిమాటికీ కావలసొస్తోందంటే జబ్బు ముదురుతోందని అర్థం. ఆ వణుకూ దడా దాన్ని అతిగా వాడినందుకే" అంది డాక్టరు.

"మరి క్రేనండి?"

"ఊపిరి కుదుటపడేదాకా ఎక్కడానికి లేదు. తర్వాత పరీక్ష చేసి చెప్తాను."

ఏం చెబుతుందో అడిగే ధైర్యం లేక మాస్కు మళ్లీ ముఖానికి పెట్టుకున్నాడు.