నీలం గీత పట్టుకుని నాట్లలోకి

అయ్యలారా, అమ్మలారా, ముందే చెప్పేస్తున్నాను. ఒక తెలివైనవాడు, ఒక జీపు, ఆకాశంలో తిరిగే బోలెడు ఉపగ్రహాలు అందరూ కలిసి ఒక పెద్దమనిషి పచ్చటి పొలాన్ని సర్వనాశనం చేసిన కథ ఇది. ఉపగ్రహాల తప్పేమీ లేదు. జీపు తప్పు అసలే లేదు. మిగిలింది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నాలుగేళ్ళ కిందటి మాట. బాన్సువాడ బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది. చుట్టుపక్కల ఎవరి ఫోను నీళ్ళలో పడ్డా నా దగ్గరికే వచ్చేది. దాంతో లోకంలో తీగలున్న ప్రతి వస్తువూ నా మాట వింటుందని నాకొక గట్టి నమ్మకం. తీగలు లేనివాళ్ళు వినేవాళ్ళు కాదు. వాళ్ళలో మొదటిది మా ఆవిడ శిరీష, రెండోవారు ఆమె తండ్రి.

శిరీషది కాలువ కింద క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పండిస్తూ స్థిరపడ్డ కుటుంబం. మాది ప్రేమ పెళ్ళి. అత్తగారు నెల తిరక్కుండానే కరిగిపోయారు. మామగారు ఏడాది దాటినా కరగలేదు. పోనీ కోపంగా ఉంటారా అంటే అదీ లేదు, మహా మర్యాదగా ఉండేవారు. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగానే, "అమ్మాయ్, ఆయన కాఫీ తాగుతారేమో అడుగు" అనేవారు. ఎవరైనా నన్ను చూపించి ఎవరని అడిగితే, "మా అమ్మాయి వాళ్ళాయన" అనేవారు. ఎంత చుట్టు తిరుగుడో చూడండి! అల్లుడు అనే మూడక్షరాల మాట ఆయన నోట వినాలని నేనెంత ఆశపడ్డానో చెబితే నవ్వుతారు. నవ్వండి, అందుకే రాస్తున్నాను.

ఇక యంత్రం సంగతి. షాపుతో పాటు తండాలకు వెళ్ళి డిష్‌లు, కెమెరాలు బిగించే పని కూడా పెట్టుకుని, దానికోసం ఒక పాత జీపు కొన్నాను. డోంగ్లి దాటి లోపలికి పోయానో లేదో ఫోనులో సిగ్నల్ మాయమయ్యేది. మ్యాపులో నేను తెల్లకాగితం మధ్య చుక్కలాగా ఒంటరిగా నిలబడి ఉండేవాణ్ణి. సిగ్నల్ లేకపోయినా, రోడ్డు లేకపోయినా దారి చూపించే జీపీఎస్ డబ్బా ఒకటి కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మనిషన్నవాడు దారి తెలియకపోతే జీపు ఆపి ఎవరినైనా అడుగుతాడు. నేను నోటుబుక్కు కొన్నాను. అందులో గళ్ళు గీసి, గుంతల్లో ఎగిరితే తట్టుకుంటుందా, ఎండలో తెర కనిపిస్తుందా, ఉపగ్రహం ఎంతసేపట్లో దొరుకుతుంది అని రాసుకున్నాను. మొదట తెప్పించిన డబ్బాకు తారురోడ్డు తప్ప ఏమీ తెలియదు. మట్టిబాట ఎక్కగానే వెనక్కి తిరగమని గోల పెట్టేది. దాన్ని వాపసు పంపాను. రెండోది పడవలకోసం చేసిందని డబ్బా విప్పాక తెలిసింది. అదీ వాపసు. మూడోదాన్ని చూసి మనసు పారేసుకున్నాను. ఎడారుల్లో జీపులు తోలేవాళ్ళు అదే వాడతారట. దానికి దారి తెలియాల్సిన పనే లేదు. మనం ఒకసారి నడిపి చూపిస్తే, నడిచిన దారినంతా నీలం గీతగా దాచుకుంటుంది. మళ్ళీ వెళ్ళేటప్పుడు గీత తప్పితే కుయ్యిమని అరుస్తుంది.

"ఎడారి యంత్రం మనకెందుకండీ? మనం ఉండేది నిజాంసాగర్ నీళ్ళ కింద" అంది శిరీష.

"నీకు టెక్నాలజీ ఎరుక లేదు శిరీషా. ఎడారిల పనిచేసేది ఎక్కడన్న పనిచేస్తది."

ఈ మాట నేను గట్టిగా, పక్కింటివాళ్ళకు కూడా వినపడేట్టు అన్నాను.

మే నెలలో దాన్ని జీపులో బిగించి గీతలు గీయడం మొదలుపెట్టాను. మా వైపు ఒక రివాజు ఉంది. యాసంగి కోతలు అయిపోయాక పొలాలన్నీ ఎండి రాయిలాగా గట్టిపడతాయి. అప్పుడిక బాటలతో ఎవరికీ పనుండదు. ట్రాక్టర్లు, బళ్ళు, మోటారు సైకిళ్ళు అన్నీ పొలాలకు అడ్డంగా పడి పోతుంటాయి. రైతులూ ఏమీ అనరు. పన్నెండు కిలోమీటర్ల చుట్టు నాలుగు కిలోమీటర్లు అవుతుంది. నేనూ అలాగే అడ్డంగా తిరిగి, తండాలన్నిటికీ, అక్కణ్ణుంచి మామగారి పొలానికీ నీలం గీతలు గీసి, యంత్రాన్ని తృప్తిగా తుడిచి పెట్టుకున్నాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

వానలు పడ్డాయి. కాలువకు నీళ్ళు వదిలారు. నాట్ల కాలం వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గర నాటు వేసే ఆడవాళ్ళు దొరకడం ఎంత కష్టమో రైతులను అడగండి. ఒక ఉదయం శిరీష ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏవండీ, నాన్న. కూలీలను తెచ్చే ఆటో పాడైపోయిందట. రేపు పొద్దున్నే తండా నుంచి కమ్లీబాయి వాళ్ళను పొలానికి చేర్చగలరేమో మిమ్మల్ని అడగమన్నారు. నారు ముదిరిపోతోంది, రేపు తప్పితే వాళ్ళు వారం దాకా దొరకరట."

ఏడాదిలో మామగారు నన్ను అడిగిన మొదటి సాయం! ఈ పని సవ్యంగా చేస్తే ఆ మాట ఆయన నోట రాకుండా ఎక్కడికి పోతుంది?

"ఏడు గంటలకల్ల పొలం దగ్గర దించుతనని చెప్పు."

"తారురోడ్డు మీదే వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

"తారురోడ్డు యంత్రం లేనోళ్ళకు" అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

తెల్లవారి ఆరింటికి తండాలో ఉన్నాను. సన్నగా జల్లు పడుతోంది. నాటు ముఠాకు పెద్ద కమ్లీబాయి. యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ పైకి చీర చెక్కుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆమెతో కలిపి పదిమంది ఆడవాళ్ళు సద్దిగిన్నెలతో సహా జీపులోకి ఎక్కారు.

"రోడ్డు మీదకెల్లి పోతే ఏడున్నరైతది గదా అన్నా" అంది పక్క సీట్లో సర్దుకుంటూ.

"మనం రోడ్డు మీద పోతలేం అక్కా. గిది చూడు, నీలం గీత. దీని మీద పోతే ఇరవై నిమిషాలు."

ఆమె ఆ తెరను కాసేపు చూసింది. "దీనికి మన దిక్కు ఎరుకేనా?"

"నేనే నేర్పిచ్చిన."

"అయితే ఇగ ఫికర్ లేదు" అంది. ఆ గొంతులో వెటకారం నాకు అప్పుడు పట్టుబడలేదు.

తండా దాటగానే బండ్లబాట ఎక్కాం. పదిమంది ఊపిరికి అద్దం మసకబారింది. తుడుచుకుంటూ తోలడమెందుకు, తెరమీద గీత పాములాగా మెలికలు తిరుగుతూ స్పష్టంగా కనిపిస్తూనే ఉంది కదా! అద్దంలోంచి చూడటం మానేసి తెరనే చూస్తూ తోలాను. గీత కుడికి తిరిగింది, నేనూ తిరిగాను. ఎదురుగా నీళ్ళు.

"అన్నా, గది పొలం" అంది కమ్లీబాయి.

"కాదక్కా, తొవ్వ మీద నీళ్ళు ఆగినయ్."

"పొలమే అన్నా. నాటేసిండ్రు, కనిపిస్తలేదా?"

నిన్న వేసిన నాటు ఎలా ఉంటుందో తెలుసా? సన్నటి దబ్బనాల్లాంటి మొక్కలు సగం నీళ్ళలో మునిగి, చూసే కళ్ళున్నవాళ్ళకే కనిపిస్తాయి. నేను బ్రేకు వేసి, కొంచెం ఎడమకు, గట్టు వైపు తిప్పాను. యంత్రం కుయ్యిమంది. మళ్ళీ గీత మీదికి తిప్పాను. నోరు మూసుకుంది. అటు తిప్పితే కుయ్యి, ఇటు తిప్పితే మౌనం. ఇటు కమ్లీబాయికి ముప్పై ఏళ్ళుగా నాటు వేసిన అనుభవం ఉంది, అటు యంత్రానికి ఉపగ్రహాలున్నాయి. నేను ఉపగ్రహాల పక్షం వహించాను. నాలుగు చక్రాలకూ పట్టు ఇచ్చి, "అందరు గట్టిగ పట్టుకోండ్రి!" అని అరిచి, గట్టు తెగిన చోట దింపాను.

పాత జీపే కానీ ఏం బలం! మామూలు కారైతే గట్టు దగ్గరే దిగబడి మర్యాద దక్కేది. ఇది చక్కగా, ఎక్కడా ఆగకుండా, పొలం నట్టనడుమ దాకా వెళ్ళి అప్పుడు కూర్చుంది. వెనక నిన్నటి నాటు రెండు కాలువల్లాగా చీలిపోయి ఉంది. యాక్సిలేటరు తొక్కాను. నారు, బురద కలిసి గాల్లోకి లేచి జీపు మీదా, కిటికీలోంచి నా మొహం మీదా కురిశాయి. యంత్రం మాత్రం కుయ్యిమనలేదు. గీత ప్రకారం నేను సరిగ్గా దారిలోనే ఉన్నాను.

"ఎవడ్రా! పొలంల జీపు తోలెటోడు ఎవడ్రా!"

గట్టు మీద గొడుగు ఊపుకుంటూ గంగారాం కాక. ఆయనెవరంటారా? ఆ పొలం యజమాని. మామగారి పొలానికి సరిగ్గా పక్క పొలం ఆయనది. గొడుగు పారేసి మోకాలి లోతు బురదలో జీపు దాకా వచ్చాడు.

"కాకా, జర ఆగు. దీంట్ల తొవ్వ ఉంది" అని యంత్రం చూపించాను.

"ఏది?" కాక లోపలికి వంగి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. "గీ నీలం గీతనా? ఎవలు గీసిండ్రు?"

"నేనే కాకా."

"ఎప్పుడు?"

"ఎండకాలం."

కాక నా మొహం వైపు ఒక క్షణం చూసి, ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "విన్నరా అక్కా? ఎండకాలం గీసిండట!"

పదిమందీ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వుకు జీపు ఇంకో బెత్తెడు దిగబడిందని నా అనుమానం. కానీ కాక నవ్వలేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మూడు తండాలు తిరిగి, కాళ్ళు పట్టుకోని నాటు ఏయించిన నిన్న. ఒక్క పూట గూడ నిలవకపాయె. నువ్వు ఎవలింటోనివిరా? ముందుగాల గది చెప్పు. నీ పెద్దమనిషి వచ్చేదాక జీపు ఈడికెల్లి కదలది."

 ఏమని చెప్పను? అల్లుణ్ణని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, నా అంతట నేను ఎలా చెప్పుకోను? అప్పుడే పక్క గట్టు మీద తెల్ల పంచె కనిపించింది. తన కూలీలు పక్క పొలంలో దిగిపోవడం చూసి మామగారు నడిచి వస్తున్నారు. నా గుండె జారి బురదలో పడింది. మంచి పేరు సంగతి దేవుడెరుగు, ఉన్న ఆ కాఫీ మర్యాద కూడా పోయింది.

"రావుగారూ, గీ పోరడు నీ మనిషేనా?" అన్నాడు గంగారాం కాక.

మామగారు పొలాన్ని చూశారు. చక్రాల గాడిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. నన్ను చూశారు. నా కనుబొమ్మల మీద నారు మొక్క వేలాడుతోంది. తెలియదంటే ఆయనకు ఏ తలనొప్పీ లేదు. కూలీలను తీసుకుని తన పొలానికి వెళ్ళిపోవచ్చు. ఔనంటే ఈ నష్టమంతా ఆయన నెత్తిన పడుతుంది. 

"మా అల్లుడండీ" అన్నారు మామగారు.

నా చెవులను నేనే నమ్మలేదు.

"మీ నాటు ఎంత పోయిందో అంతా ముందు మా కూలీలతో వేయిస్తానండీ. తక్కువైన నారు మా మడిలోంచి పీకించుకోండి. మా పని తర్వాతే." ఆ తర్వాత ఏడాదిలో మొదటిసారి నేరుగా నా మొహంలోకి చూసి అన్నారు. "ఏం చూస్తావయ్యా? దిగు!"

నువ్వు అన్నారు! మీరు, ఆయన, తాగుతారేమో, అన్నీ పోయి నువ్వు! ఆ తిట్టులో ఉన్న తీపి చెప్పలేను. ఏడుపొచ్చింది. బురద వల్ల ఎవరికీ తెలియలేదు.

దిగాను. కమ్లీబాయి నా చేతిలో నారు కట్ట పెట్టింది. "మూడు మొక్కలు పట్టు, చేతి ఏళ్ళు మునిగేదాక గుచ్చు, ఎనకకు నడు." బ్రహ్మాండంగా గుచ్చుకుంటూ పోయాను. ఒక వరస అయ్యాక గర్వంగా తలెత్తాను.

"అన్నా, నీ నారు ఈత కొడుతున్నది" అంది ఆమె. నేను నాటినవన్నీ తేలుకుంటూ గంగారాం కాక కాళ్ళ దగ్గరికి చేరాయి. అప్పుడు కాక కూడా నవ్వాడు.

ఆయన పొలం సరిచేసేసరికి పదిన్నర. మామగారి ట్రాక్టరు జీపును బయటికి లాగింది. ఆయన నాట్లు ఆ రోజు సగమే పడ్డాయి. మిగతా సగానికి మర్నాడు కూడా వస్తామంది కమ్లీబాయి, తారురోడ్డు మీదుగా తీసుకెళ్తేనే అని షరతు పెట్టి. శిరీష ఫోను చేసింది.

"చేర్చారా?"

"మీ నాన్న నన్ను అల్లుడన్నడు!"

"నిజంగా? ఎక్కడ?"

"బురదల."

అప్పటి నుంచి మామగారు ఎక్కడికి వెళ్ళినా నన్ను వెంటబెట్టుకు వెళతారు. పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, ఎరువుల దుకాణంలో అందరికీ పేరుపేరునా పరిచయం చేస్తారు. "మా అల్లుడండీ. గంగారాం గారి నాట్లలో జీపు దింపింది ఈయనే." రెండో వాక్యం లేకుండా మొదటిది ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

కాబట్టి సకల ఉపగ్రహాల సాక్షిగా, వానాకాలం పంట సాక్షిగా, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎండాకాలం గీసిన గీతను నమ్మి వానల్లో బండి కదిలించను. నాటు వేసిన మనిషి పొలమని చెబితే, అది పట్టణం నడిబొడ్డున ఉన్నా పొలమనే నమ్ముతాను. ఈ ప్రమాణానికి ఒకే ఒక్క మినహాయింపు. మామగారు ఎప్పుడైనా అలిగి నన్ను మళ్ళీ "మా అమ్మాయి వాళ్ళాయన" అన్నారో, గంగారాం కాక నాట్లు ఏ రోజు వేస్తాడో కనుక్కుని జీపు తీస్తాను.