తమ్ముడి పేరున తీసిన వాగ్దానం

నిన్న అమ్మ ట్రంకుపెట్టె నేను తెరిస్తే, కలరా ఉండల వాసనతో పాటు ఆ వాగ్దానం కార్డు బయటపడింది.

మాది కొల్లేటి లంక. నాకప్పుడు ఏడేళ్లు. కొత్త సంవత్సరం ఉదయం మా ఏసు గుళ్లో ఒక్కొక్కరూ ఒక్కో బైబిల్ వాక్యం కార్డు తీస్తారు. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడున్న తమ్ముడి పేరున నేను తీశాను. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు. చదువొచ్చిన పక్కింటి మరియమ్మత్త చేతికిచ్చాను.

"ఏం రాసుందత్తా?"

ఆవిడ కార్డు చూసింది. తరవాత అమ్మ ముఖం చూసింది. "పిల్లోడు లేచి తిరుగుతాడని రాసుందమ్మా. ఇంక ఏడవకు వదినా."

ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్దామని నాన్న అప్పటికే పడవ సిద్ధం చేశాడు. "దేవుడే మాటిచ్చాక ఏలూరెందుకండీ?" అంది అమ్మ. పడవ కదల్లేదు. నేను తమ్ముడి చెప్పులు కడిగి గుమ్మంలో పెట్టాను.

మూడో రోజు వాడు పోయాడు.

"మన నమ్మకమే చాల్లేదే" అని అమ్మ బతికినన్నాళ్లూ తనను తానే తిట్టుకుంది. నేను బైబిల్ని తిట్టాను, అబద్ధాల పుస్తకమని.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నిన్న ఆ కార్డు కూడబలుక్కుని చదివాను. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. కష్టంలో తోడుంటానని ఉంది, అంతే. లేచి తిరగడం గురించి ఒక్క ముక్క లేదు.

పుస్తకం మాట తప్పలేదు. అది ఇవ్వని మాటను అత్త జాలిపడి ఇచ్చింది. ఇకపై ఎవరు వాక్యం చెప్పినా వేలు పెట్టి చదువుకున్నాకే నమ్ముతాను. కానీ ఈ కార్డు చదివి వినిపించడానికి అమ్మ లేదు.