సుడో కొట్టేముందర సూడు

అక్క చనిపోయిందన్న కబురు నాకు, నాలాగే అక్క దగ్గర పని నేర్చుకున్న పాన్‌గల్ ఊరి పిల్ల ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పనిచేసే మిల్లులో కాంటా మీద వడ్ల లారీ నిలబడి ఉంది. "అన్నా, అక్క పోయిందన్నా... గుండె ఆగిపోయిందంట" అని ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కడుపుమంట. నాకన్నా ముందు ఈమెకెలా తెలిసింది? వనపర్తిలో ఉండేది నేను. పని దిగగానే అక్క షాపు మెట్లెక్కేది నేను. ఆ ఫోన్ ముందు నాకు కదా రావాలి?

అక్క అంటే తోడబుట్టింది కాదు. బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఆమెది. నాకు ప్రోగ్రాములు రాయడం ఏ కాలేజీ నేర్పలేదు, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోల్లో ఒకడు విండోస్ అంటాడు, ఇంకొకడు మ్యాక్ అంటాడు, మరొకడు లినక్స్ అని ఒట్టు పెడతాడు. ఏది ఎక్కించుకుంటే పని నడుస్తుందో ఒక్కడూ తిన్నగా చెప్పడు. ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని వెళ్లి, "కొత్త విండోస్ ఎక్కియ్యక్కా" అన్నాను.

ఆమె ఎవరికీ వెంటనే జవాబు చెప్పేది కాదు. పళ్ల మధ్య స్క్రూ పట్టుకుని, ముందు ఒక ప్రశ్న వేసేది.

"ఏం చేస్తవ్ దీంతోని?"

"ప్రోగ్రామింగ్ చేస్తక్కా."

"ఇది విండోస్ మోస్తదా? లేవనీకే ఊపిరాడుతలేదు దీనికి. లినక్స్ ఎక్కిస్త. తేలికగుంటది, నీ పనికి కావల్సినయన్నీ అండ్లనే దొరుకుతయ్."

అదే వేళకు పాన్‌గల్ పిల్ల కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఇంజినీరింగ్ చదువు. ఆమె దాంట్లో విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లినక్స్ కూడా ఎక్కించింది అక్క. ఆమెకు రెండు, నాకు ఒకటి. నాకు మండింది.

"గరీబోళ్లకు ఒకటి, కాలేజోళ్లకు రెండా అక్కా?"

అక్క తల కూడా ఎత్తలేదు. "నీ మిషన్‌ల జాగ ఏది రా? రెండోదాన్ని నీ నెత్తి మీద ఎక్కియ్యాల్నా?"

పాన్‌గల్ పిల్ల నవ్వింది. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. అక్క ఎవరిదో కంప్యూటర్ ఫ్యాన్‌లో దుమ్ము దులుపుతూ, నా ల్యాప్‌టాప్‌లో ఏం కొట్టాలో నాకు నోటితో చెబుతోంది. "సుడో కొట్టు." నేను తెరవైపు చూశాను. చూడు అనడానికి మేం సూడు అనే అంటాం.

"సుడో అంటున్న గద!"

"సూస్తనే ఉన్నక్కా!"

"సూసుడు కాదుర బై! సుడో! ఎస్, యూ, డీ, ఓ!"

దుమ్ము బ్రష్షు కింద పడేసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత చెప్పింది. "ఆ మాట ముందర పెట్టినవనుకో, మిషన్ నిన్ను మాలిక్ అనుకుంటది. ఏం చెప్పినా చేస్తది. ఇల్లు కూలగొట్టుమన్నా అడ్డం చెప్పదు. గందుకే సుడో కొట్టేముందర సూడు."

ఆ తర్వాత ఎన్నిసార్లన్నదో ఆ మాట. నా పొరపాటులోంచి పుట్టింది కాబట్టి అది నాదనుకున్నాను. మా ఇద్దరిదే అనుకున్నాను. ఇవాళ మా మిల్లులో తూకం చీటీ వచ్చేది నేను రాసిన ప్రోగ్రాంలోంచి. దాన్ని చూపించిన రోజు ఆమె బాగుందనలేదు. "నడుమల కరెంటు పోతే ఏమైతది?" అంది. మళ్లీ కూర్చుని రాశాను. నన్ను పనిమంతుణ్ని చేసింది ఆ ప్రశ్నే.

దినాలయ్యాక బావ, అంటే అక్క భర్త, మా ఇద్దరినీ షాపుకు పిలిచాడు. "షాపు నేను నడుపుత. ఆమె కంప్యూటర్ల విండోస్ ఎక్కియ్యుండ్రి. ఈ లినక్స్ నాకు తెల్వదు."

ఎక్కించాలంటే అక్క రాసుకున్నవి, అమర్చుకున్నవి అన్నీ తుడిచిపెట్టాలి. "ముట్టనియ్య బావా. నాకియ్యి, నేను తీస్కపోత" అని అరిచాను.

పాన్‌గల్ పిల్ల మెల్లగా అడిగింది. "బావా, ఏం చేస్తవ్ దీంతోని?"

నా కడుపు మళ్లీ మండింది. ఆ ప్రశ్న నా నోట్లోంచి రావాల్సింది.

"ఏం చేస్తనమ్మా... దరఖాస్తులు నింపుత. ఏలిముద్ర మిషన్ పెడత."

"ఆ ఏలిముద్ర మిషన్ లినక్స్‌ల నడవదన్నా" అని నావైపు తిరిగింది. "అక్క ఉంటే విండోసే ఎక్కిస్తుండె."

నిజం. నిజం కాబట్టే ఇంకా కోపం వచ్చింది. ఆమె కీబోర్డు ముందుకు జరుపుకుని సుడో అని కొట్టి, చెయ్యి ఆపింది. "సుడో కొట్టేముందర సూడు" అని తనలో తాను అనుకుంది.

"అది నా మాట!"

"తెలుసన్నా. కొత్తగ వచ్చినోళ్లందరికీ నీ కథ చెప్పే సుడో నేర్పిస్తుండె. 'మావోడు సుడోను సూడు అనుకున్నడు' అని నవ్వుతుండె."

మావోడు. ఆ ఒక్క మాట నాకు దక్కింది. మిగతాదంతా అందరికీ పంచేసింది.

సరే, చూశాం. డిస్కులో సగానికి పైగా జాగ ఖాళీ. అక్కది అలాగే ఉంచి, పక్కన విండోస్ ఎక్కించాం. పాన్‌గల్ పిల్ల ఎక్కిస్తున్నంతసేపూ, అక్కది ఏదీ చెరిగిపోకుండా నేను ఆమె భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను. మిషన్ లేవగానే రెండు పేర్లు చూపించే తెర మాత్రం నేనే సర్దాను. కింది బాణం నొక్కితే విండోస్ అని బావకు చూపించాను. ఎవరూ ఏదీ నొక్కకపోతే కాసేపు ఆగి, దానంతటదే అక్క దాంట్లోకి పోతుంది. అట్లా పెట్టానని నేనెవరికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున పనికి పోతూ షాపులోకి తొంగిచూశాను. షట్టరు సగమే లేచి ఉంది. బావ మిషన్ అప్పుడే వేసినట్టున్నాడు, తెర మీద రెండు పేర్లున్నాయి. కింది బాణం నొక్కలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తెరవైపు చూస్తూ కూర్చున్నాడు.