జడల సామి రికార్డు

మా చిన్నప్పుడు... చైత్రంలో తొలి మామిడికాయ అమ్మవారికి పెట్టే మామిడి కొత్త పండగ వచ్చిందంటే నాన్న మైకు సెట్టుకి ఊపిరాడేది కాదు. అరకు సంత దగ్గర మా కొట్టు. హారన్లు, యాంప్లిఫయరు, బ్యాటరీ జీపులో వేసుకుని కొండ మీది ఊళ్ళకి బయల్దేరేవాళ్ళం. రికార్డుల పెట్టె నా ఒళ్ళో... అది నా ఉద్యోగం మరి!

ఆ పెట్టె అడుగున ఒక రికార్డు ఉండేది. విశాఖలో పాత సామాన్లవాడు గుత్తగా అంటగట్టిన వాటిలో వచ్చింది. వేయమని ఎవరూ అడగలేదు, మేమూ విన్న పాపాన పోలేదు. అట్ట మీద జడలు కట్టిన జుట్టుతో, కళ్ళు మూసుకున్న మనిషి. అమ్మ ఎవరో సామి అనుకుని నుదుటికి బొట్టు కూడా పెట్టేసింది.

ఒక ఏడు ఓ ఊళ్ళో... పనస చెట్టుకి హారన్లు కట్టి వచ్చేసరికి, ముందుగా తీసి జీపు మీద పెట్టిన, మాకున్న ఒక్క భక్తి పాటల రికార్డు ఎండకి అప్పడంలా వంకరపోయింది. పండగకి మొదట పడాల్సింది దేవుడి పాటే.

"దేవుడి పాట నేకపోతే మైకు ఇప్పీసి అట్టుకెళ్ళిపో బాబూ" అన్నాడు ఊరి పెద్ద.

నాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక ఊరు పొమ్మంటే చుట్టుపక్కల ఏ ఊరూ రమ్మనదు. గబగబా పెట్టె అడుగు నుంచి ఆ రికార్డు లాగాడు.

"ఈ సామి ఏ ఊరోడు?" అట్ట మీది బొట్టు చూసి అడిగాడు పెద్దాయన.

"సానా దూరం బాబూ..." అనేశాడు నాన్న, అది దేవుడి పాటో కాదో తనకే తెలియకపోయినా.

"దూరంనుంచి ఒచ్చేడా! అయితే తొలి కాయ ఆయనకే ఎట్టండి" అన్నాడు పెద్దాయన.

అట్టని అమ్మవారి రాయి పక్కన నిలబెట్టి, ముందు మామిడికాయ పెట్టారు. నాన్న ముల్లు ఆనించాడు. ఏం భాషో తెలియదు... దెబ్బ పడాల్సిన చోట పడకుండా, కాస్త ఆగి పడుతోంది. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి లేచారు. థింసా అడుగు ఆ పాటలో ఇట్టే ఒదిగిపోయింది.

"ఏటోగానీ కాళ్ళు ఆగట్నేదు" అంటూ ఒక ముసలమ్మ ఒకటే నవ్వు!

ఆ తర్వాత ఏ ఏడు వెళ్ళినా "జడల సామిని తెచ్చేవా?" అన్నదే మొదటి పలకరింపు.

నాన్నకి మాత్రం గుబులు పోలేదు. అమ్మవారి ముందు అబద్ధమాడి ఏదో పాట వేశానని, ఏటేటా అక్కడ కొబ్బరికాయ కొట్టి చెంపలేసుకునేవాడు. పోయేదాకా అంతే...

మొన్న అటక సర్దుతుంటే ఆ రికార్డు దొరికింది. బొట్టు మరక ఇంకా ఉంది. మా అమ్మాయి ఎక్కడినుంచో ప్లేయరు తెచ్చి, విని, అట్ట వెనక రాసింది చదివి చెప్పింది... "అమ్మా, ఇది రెగే అని ఒక రకం పాత సంగీతం. ఎక్కడో దీవిలో వాళ్ళది. పాటలన్నీ దేవుడి మీదే. ఆ జడలు కూడా ఆయన పేరు చెప్పుకుని పెంచుకునేవేనట."

ఈ మాట వినడానికి నాన్న లేడే అని ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ కొండల్లోనూ డీజే పెట్టెలే. పాట ఎక్కడిదని అడిగేవాళ్ళు లేరు, దానికో కాయ పెట్టేవాళ్ళు అంతకన్నా లేరు. మీ అటకల మీద కూడా ఎవరూ వినని పాట ఏదైనా పడి ఉందా? ఉంటే చెప్పండి...

నేను మాత్రం ఈ చైత్రంలో ఆ అట్ట పట్టుకుని కొండెక్కుతున్నాను. నాన్న తరఫున కొబ్బరికాయ కొడతాను... ఈసారి చెంపలేసుకోను.