బొటనవేలి కింది బటన్

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వే. కంప్యూటర్లు నేర్పడం నా బతుకుదెరువు. చెప్పింది చెప్పినట్టు చేసే వస్తువుతో రోజంతా గడిపేవాణ్ణి, చెప్పనిది జరిగిందంటే ఎలా నమ్ముతాను? మా వీధిలో ఎవరైనా ఏదో కనబడిందని చెబితే ముందు కళ్ళు చూపించుకోమనేవాణ్ణి. ఇప్పుడు ఎవర్నీ అలా అనడం లేదు.

తొంభైల్లో జగ్గయ్యపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాను. టైపు నేర్పే చోటే ఒక గదికి ఏసీ బిగించి, కింద కార్పెట్ పరిచి కంప్యూటర్ గది చేశారు. దుమ్ము పడితే మెషిన్లు పోతాయని భయం, అందుకని చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. కొందరు పిల్లలు గడప తాకి కళ్ళకద్దుకుని మరీ లోపలికి వచ్చేవారు. మేమంతా అక్కడ వట్టి కాళ్ళతోనే తిరిగేవాళ్ళం. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ రోజుల్లో సీపీయూ ముందువైపు టర్బో అని ఒక బటన్ ఉండేది. పాత ఆటలు నెమ్మది మెషిన్ల కోసం రాసినవి, కొత్త మెషిన్ మీద వేస్తే పిచ్చిగా పరిగెత్తేవి. బటన్ పైకి ఉంటే మెషిన్ నెమ్మదిగా నడిచి ఆట సరిగ్గా సాగేది. నొక్కితే వేగం రెండింతలు. పక్కన చిన్న అద్దంలో ఎర్రటి అంకెలు కూడా మారేవి.

మా అక్క సుశీల అప్పట్లో ఆ ఊళ్ళోనే స్కూల్ టీచరు. బావ పేరు రాఘవరావు, సిమెంట్ ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. నా భోజనం వాళ్ళింట్లోనే. పొద్దున షిఫ్టు దిగి ఇంటికెళ్ళి, నా క్యారియర్ సైకిలుకి తగిలించుకుని బావే తెచ్చేవాడు. నేను తింటుంటే ఒక కారు ఆట ఆడేవాడు. తర్వాత ఇద్దరం వంతులు వేసుకుని ఆడేవాళ్ళం. రోడ్డు మీద పైనుంచి రాళ్ళు వస్తుంటాయి, కారుని అటూ ఇటూ తప్పించాలి. అంతే ఆట.

బావకి ఒకటే భయం. వాళ్ళ నాన్నకి చేతులు వణికే జబ్బు వచ్చింది. చివరి రోజుల్లో ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు, బావే కలిపి పెట్టేవాడు. అది తనకీ వస్తుందేమోనని రోజూ వేళ్ళు చాచి చూసుకునేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా ఇంట్లో ఏ మాట వచ్చినా బావ గొప్పే చెప్పేవారు. క్రేన్ మీద కూర్చుంటే పైనుంచి కోడిగుడ్డు దింపినా పగలదని మా నాన్న పదిమందికి చెప్పేవాడు. నా గురించి మాత్రం, బొమ్మల పెట్టె ముందు కూర్చుంటాడు అనేవాడు. నాకు కడుపు మండేది. ఒకరోజు బావ వంతులో, బల్ల కింద ఉన్న సీపీయూ బటన్ మీద నా కాలి బొటనవేలు ఆనింది. నొక్కాను. టక్ మని చిన్న చప్పుడు. రాళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి, బావ కారు గుద్దేశాడు. వెనక నిలబడ్డ స్టూడెంట్లు నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు దాచడం ఎందుకు.

అప్పట్నుంచి రోజూ అదే పని. బావ వంతు రాగానే వేలితో నొక్కడం, నా వంతుకి మళ్ళీ వదిలేయడం. ఎర్ర అంకెలు మారడం ఎవరైనా గమనిస్తారని ఒకటే దిగులుగా ఉండేది. ఆయుధపూజ నాడు మెషిన్లకి గంధం, కుంకుమ పెడుతూ, ఆ అద్దం మీద సరిగ్గా సరిపోయే వినాయకుడి స్టిక్కర్ అంటించాను. దేవుడి బొమ్మని పీకే ధైర్యం ఎవరికి ఉంటుంది? బావ దానికి రోజూ దణ్ణం పెట్టుకున్నాకే ఆట మొదలుపెట్టేవాడు.

"నా వంతులోనే స్పీడుగా పోతున్నట్టుందిరా," అన్నాడు ఒకసారి.

"అందరికీ ఒకటే స్పీడు బావా," అన్నాను.

బావ తన చేతుల్ని బోర్లించి చూసుకున్నాడు. స్టూడెంట్లు మళ్ళీ నవ్వారు, ఈసారి నేనూ నవ్వాను.

ఒకరోజు పెళ్ళికని మైలవరం వెళ్ళాను. నేను లేనప్పుడు బావ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ఒక్కడే ఆడుకున్నాడు. మర్నాడు నేను వచ్చి చూస్తే స్కోర్ల లిస్టులో అన్నిటికంటే పైన బావ పేరు. నా స్కోరుకి దాదాపు రెట్టింపు. ఇంటికెళ్ళి అక్కకి చెప్పాడట, నా చేతులు బాగానే ఉన్నాయే అని. ఆ పూట పాయసం కూడా చేయించుకున్నాడట.

నేను ఊరుకోలేదు. "నిన్న మెషిన్ స్లో అయింది బావా, అది లెక్కలోకి రాదు," అన్నాను. కావాలంటే మళ్ళీ ఆడి చూడమన్నాను. ఆడాడు. వేలు నొక్కాను. మూడుసార్లు ఆడి మూడుసార్లూ గుద్దేశాడు. ఆట ఉన్న ఫ్లాపీ బయటికి తీసి, ఇది నేను ఉంచుకుంటానురా అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. క్యారియర్ మర్చిపోయాడు.

వారం తిరక్కుండానే ఫ్యాక్టరీలో తనే వెళ్ళి చెప్పాడు, నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది, కింద మనుషులు తిరుగుతుంటారు, నన్ను క్రేన్ దింపండి అని. బస్తాలు లోడు చేసే చోట వేశారు. నాలుగు నెలలకి అక్కడే, వెనక్కి వస్తున్న లారీకీ గోడకీ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. పక్కకి తప్పుకోవడం ఆలస్యమైందన్నారు. తండ్రి జబ్బే వచ్చినట్టుంది పాపం అని చావింట్లో అందరూ అన్నారు. నేను తలూపాను. అక్క ఎదుటే తలూపాను.

తర్వాత అక్కకి నందిగామ బదిలీ అయింది. చాలా ఏళ్ళకి, రెండువేల సంవత్సరం దాటాక, ఇంట్లో కంప్యూటర్ కొనుక్కుంది. ఒకరోజు బావ పెట్టె సర్దుతుంటే ఆ ఫ్లాపీ దొరికిందట, పైన బావ చేతిరాతతో తన పేరు.

"ఇందులో మీ బావ స్కోరు ఉంటుందన్నావుగా చిన్నా. ఒక్కసారి చూపించవూ," అంది.

కాదనడానికి కారణం దొరకలేదు. ఫ్లాపీ పెట్టి ఆట తెరిస్తే రెప్పపాటులో మొదలై రెప్పపాటులో ముగిసింది. కొత్త మెషిన్ అంత వేగం. టర్బో బటన్లు అప్పటికే మాయమయ్యాయి. విజయవాడలో ఒక నెట్ సెంటర్ నుంచి, మెషిన్‌ని కావాలని నెమ్మది చేసే చిన్న ప్రోగ్రాం తెచ్చాను. దానికి ఒక అంకె ఇవ్వాలి. ఎక్కువైతే ఆట గెంతుతుంది, తక్కువైతే ఆగి ఆగి పోతుంది. మూడు ఆదివారాలు కూర్చుని సరైన అంకె పట్టుకున్నాను. మూడో ఆదివారం పగలు పదకొండింటికి, ఆట అచ్చం జగ్గయ్యపేటలో నడిచినట్టే నునుపుగా నడిచింది.

లిస్టులో బావ పేరు పైనే ఉంది. అక్క చీర చెంగుతో తెర తుడిచి, చాలాసేపు చూసింది. తర్వాత తనూ ఒకసారి ఆడింది. ఎక్కడా తేడా లేదు. ఇక నువ్వాడు అంది.

నా వంతు మొదలైన కాసేపటికి బల్ల కింద టక్ మంది. రాళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి.

వంగి చూశాను. సీపీయూ గోడవారగా ఉంది, నా పాదాలకి జానెడు దూరంలో. దాని ముందు ఉన్నది ఆన్ చేసే బటన్ ఒక్కటే. అక్క కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అంకె తగ్గించాను. అక్క వంతులో ఆట నత్తలా నడిచింది. నా వంతులో టక్, మళ్ళీ అదే పరుగు. ఫ్లాపీ బయటికి తీసి, ఆటని మెషిన్‌లోకి ఎక్కించి చూశాను. అదే. కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని ఆడాను. అయినా టక్ మంది. చేతి గడియారం పెట్టి చూశాను, అక్కకి పూర్తి నిమిషం పట్టిన రోడ్డు నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

"నా వంతులోనే స్పీడుగా పోతోందక్కా, చూడు," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది అది ఎవరి మాటో.

అక్క తెరకేసి చూసింది. "అందరికీ ఒకటే స్పీడురా," అంది.

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే ఆమెకి తేడా కనబడలేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ మాట ఒకప్పుడు నేను బావతో అన్నదే. బావ ఆమెకి చెప్పాడేమో నాకు తెలియదు, అడగలేకపోయాను. నా చేతులు కీబోర్డు మీద ఉండగానే అంతా చెప్పేశాను. బొటనవేలు, స్టిక్కర్, స్టూడెంట్లు, నవ్వు, అన్నీ.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ స్కోరు వచ్చిన రోజు బటన్ ఎలా ఉంది?"

"మామూలుగానే ఉందక్కా. నేను లేనుగా."

"అంటే ఆయన చేతులు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉన్నాయి."

లోపలికి వెళ్ళింది. కుళాయి శబ్దం వినబడింది. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"ఆడు," అంది.

ఆ రోజు చీకటి పడేదాకా ఆడించింది. ఒక్కసారి కూడా పట్టుమని నిమిషం నిలవలేకపోయాను.

విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించుకున్నాను. నరాలు, చేతులు, కళ్ళు, అన్నీ బాగున్నాయన్నాడు. నమ్మకం కుదరక స్కూటర్ అమ్మేశాను. హైవే మీద ఎదురుగా లారీ వస్తుంటే, అది ఉన్న వేగంతో వస్తోందో లేక నాకొక్కడికే రెండింతలు వస్తోందో తేల్చుకోలేకపోతున్నాను. ఆట ఫైళ్ళన్నీ విప్పి వరస వరసా చదివాను. ఎవరు ఆడుతున్నారో ఆ ఆటకి తెలిసే దారి ఎక్కడా లేదు. నా చదువంతా పెట్టి చూసినా ఇంతకుమించి చెప్పలేను.

ప్రతి ఆదివారం బస్సెక్కి నందిగామ వెళ్తాను. రావద్దని అక్క ఎప్పుడూ అనలేదు, రమ్మనీ అనలేదు. నేను వెళ్ళేసరికి కంప్యూటర్ ఆన్ చేసి ఉంటుంది, పక్కన నాకు భోజనం కూడా సర్ది ఉంటుంది. అదీ బావ తెచ్చే ఆ పాత క్యారియర్‌లోనే. గుమ్మం బయట చెప్పులు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటాను. కింద టక్ మంటుంది. అక్క నా చేతులకేసే చూస్తూ ఉంటుంది.