విల్లుకు కట్టిన పసుపుదారం

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న రోజులవి. బస్సులు బంద్ కావడంతో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మైదానానికి నా కాంపౌండ్ విల్లు మోసుకుంటూ నడిచాను. ఆ రోజే జిల్లా విలువిద్య జట్టు ఎంపిక. ముందురోజు దసరా ఆయుధపూజలో అమ్మ, నేను వద్దంటున్నా, విల్లుకు పసుపుదారం కట్టింది.

మొదటి మూడు బాణాలూ ఎడమకే పోయాయి. "ఈ మూఢనమ్మకమే ముంచింది" అంటూ దారం తెంపేశాను. తర్వాతి మూడూ ఎడమకే పోయాయి.

కోచ్ యాదన్న విల్లు అందుకుని చూశాడు. "దారాన్నెందుకు తిడతవ్ తమ్మీ? గురిచూసే సైటు జారింది. స్క్రూ బిగించినవా?"

పొద్దున సైటు సరిచేసి, స్క్రూ బిగించడం మరిచింది నేనే. జట్టులో చోటు దక్కలేదు. ఇంటికొచ్చి అమ్మకు జరిగిందంతా చెప్పాను. పరీక్షించకుండా దారాన్ని నిందించడమూ మూఢనమ్మకమేనని ఆ రోజు తెలిసింది.

మరుసటి దసరాకు అమ్మ మళ్లీ దారం పట్టుకొచ్చింది. "స్క్రూ బిగించినవా బిడ్డా? ఇగ కట్టనియ్" అంది. కట్టనిచ్చాను.